హైదరాబాద్‌లో పక్షుల నమోదు: తరచుగా అడిగే ప్రశ్నలు

పక్షుల గురించి పెద్దగా తెలియదు. నేనూ చూసిన పక్షుల లెక్క పంపొచ్చా?

పంపొచ్చు. కాకి, పావురం, గోరువంక, గద్ద, రామచిలుక, పిచ్చుక. ఈ ఆరింటినీ గుర్తుపట్టగలిగితే మొదటి జాబితాకు చాలు. తెలియని పక్షులను వదిలేసినా ఇబ్బంది లేదు. తెలిసిన పక్షిని మాత్రం "ఇది మామూలేగా" అని వదలకూడదు. అమీన్‌పూర్ చెరువు గట్టున రెండు గంటలు తిరిగి పంపిన జాబితాలో రాజహంసలు ఉండి కాకి లేకపోతే, అక్కడ కాకులు లేవని కాదు, రాసినవారు కాకిని పట్టించుకోలేదని అర్థం. అలాంటి జాబితా కంటే కొత్తవారు ఆరు పక్షులతో నిజాయితీగా రాసిన జాబితాయే పనికొస్తుంది.

ఎందులో నమోదు చేయాలి?

ఈబర్డ్‌లో. ఎవరైనా తాము చూసిన పక్షుల లెక్కను పంపగలిగే వెబ్‌సైట్, యాప్ ఇది. 2002లో అమెరికాలోని కార్నెల్ పక్షుల పరిశోధన ల్యాబ్, పక్షుల సంరక్షణ సంస్థ ఆడుబాన్ సొసైటీ కలిసి దీన్ని మొదలుపెట్టాయి. మన దేశంలో వ్యవహారాలు బర్డ్ కౌంట్ ఇండియా చూస్తుంది. ఉచితం. ఫోన్‌లో రెండు యాప్‌లు వేసుకోండి: లెక్క రాయడానికి ఈబర్డ్, గుర్తుపట్టడానికి మెర్లిన్. ఒక్క పక్షి ఫొటో మాత్రమే ఉండి అదేమిటో తెలుసుకోవాలనుకుంటే ఐనాచురలిస్ట్‌లో పెట్టొచ్చు.

వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడితే నమోదైనట్టు కాదు. పది మంది చప్పట్ల బొమ్మ పెడతారు, సాయంత్రానికి అది పైకి వెళ్లిపోతుంది. తేదీ, చోటు, సంఖ్య ఎక్కడా మిగలవు.

ఒక జాబితా మొదలుపెట్టి పంపడం ఎలా?

1. ఇంట్లో వైఫై ఉండగానే ఈబర్డ్‌లో మన ప్రాంతపు ప్యాక్ (ఇక్కడి పక్షుల పేర్ల జాబితా) డౌన్‌లోడ్ చేసుకోండి. వికారాబాద్ అనంతగిరి అడవిలో సిగ్నల్ లేనప్పుడు ఇదే ఆదుకుంటుంది.
2. చూడాల్సిన చోటికి చేరి, బండి దిగాక "స్టార్ట్" నొక్కండి. ఇంటి దగ్గర కాదు.
3. కనిపించిన వెంటనే పక్షి, సంఖ్య ఎక్కించండి. చివర్లో గుర్తుచేసుకుని రాస్తే మొదట జారిపోయేవి పావురాలు, బుల్‌బుల్‌లే.
4. పక్షులు చూడటం ఆపగానే జాబితా కూడా ఆపండి. టీ కొట్టు దగ్గర కూర్చున్న అరగంట అందులో కలపొద్దు.
5. 30 మీటర్ల లోపే ఉన్నారా? "స్టేషనరీ". నడిచారా? "ట్రావెలింగ్". వెళ్లిన దారినే వెనక్కి వస్తే ఒకవైపు దూరమే రాయాలి. గట్టు మీద కిలోమీటరు వెళ్లి అదే దారిన తిరిగొస్తే దూరం 1 కిలోమీటరు, 2 కాదు.
6. చోటు సరిచూడండి. అక్కడ హాట్‌స్పాట్ (అందరూ వాడేలా ఈబర్డ్ పటంలో ముందే గుర్తించిన చోటు) ఉంటే దాన్నే ఎంచుకోండి. పటం మీద "హైదరాబాద్" అని నగరం నడిబొడ్డున పిన్ను పెడితే ఆ లెక్క శంషాబాద్‌దో శామీర్‌పేటదో ఎవరూ చెప్పలేరు.
7. "గుర్తించగలిగిన పక్షులన్నీ రాశారా?" అన్న ప్రశ్నకు జవాబిచ్చి పంపండి.

ఆ చివరి ప్రశ్నకు అంత ప్రాముఖ్యం ఎందుకు?

మొత్తం లెక్క దాని మీదే నిలబడుతుంది కాబట్టి. "అవును" అంటే మీరు గుర్తించగలిగినవన్నీ రాశారని, కావాలని ఏదీ వదల్లేదని అర్థం. అన్ని పక్షులనూ గుర్తుపట్టారని కాదు. దీన్నే పూర్తి జాబితా అంటారు.

ఒక చెరువు నుంచి వంద పూర్తి జాబితాలు వచ్చాయనుకుందాం. వాటిలో నలభైలో పిచ్చుక ఉంది. అంటే ఆ చోట పిచ్చుక కనిపించే వీలు నూటికి నలభై. ఐదేళ్ల తర్వాత అదే వందలో ఇరవైకి పడిపోతే తగ్గుతోందని తెలుస్తుంది. ఈ లెక్క తేలాలంటే పిచ్చుక లేని అరవై జాబితాలు కూడా కావాలి. నచ్చిన పక్షులను మాత్రమే రాసిన జాబితాలతో లేనివాటి సంగతి తెలియదు.

2023లో వచ్చిన "స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్" నివేదిక 942 జాతుల స్థితిగతులను ఈ పద్ధతిలోనే అంచనా వేసింది. దాని వెనుక 30 వేల మందికి పైగా రాసిన దాదాపు 3 కోట్ల నమోదులున్నాయి. పిచ్చుకలు దేశమంతటా కనుమరుగయ్యాయన్న మాట ఎంత ప్రచారంలో ఉన్నా, ఇదే వరుసలో 2020లో వచ్చిన నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద వాటి సంఖ్య దాదాపు నిలకడగానే ఉంది. తగ్గుదల కనిపించింది పెద్ద నగరాల్లో. ఇలాంటివి ఊహలతో తేలేవి కావు.

ప్రత్యేకంగా ఒక్క పక్షి కోసమే వెళ్లి దాన్ని మాత్రమే రాస్తే నిస్సంకోచంగా "కాదు" అనండి. అదేం తప్పు కాదు. తప్పల్లా అప్పుడు "అవును" అనడమే.

పదిహేను నిమిషాలు చాలా?

చాలు. రెండు గంటల జాబితా ఒకటి కంటే పదిహేను నిమిషాల జాబితాలు నాలుగు మేలు. ఏ పక్షి గట్టు మీద, ఏది తుమ్మ చెట్లలో, ఏది నీళ్లలో కనిపించిందో విడివిడిగా తెలుస్తుంది. హిమాయత్‌సాగర్ కట్ట మీద మొదలై ఊళ్లో ముగిసే ఐదు కిలోమీటర్ల జాబితాలో అదంతా కలగాపులగం అవుతుంది. కారులో తిరుగుతూ రాసినవి మరీ కష్టం. దూరం పెరిగేకొద్దీ జాబితాకు చోటంటూ మిగలదు.

ఫోన్‌లో దూరం తప్పుగా చూపిస్తోంది. ఏం చేయాలి?

తప్పు రెండు రకాలుగా వస్తుంది. తక్కువ చూపిస్తే, అంటే పటం మీద మీ దారి వంకరలు లేకుండా ఒకే సరళ రేఖలా ఉంటే, ఫోన్ బ్యాటరీ పొదుపు కోసం యాప్‌ను వెనుక నిద్రపుచ్చిందని అర్థం. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ఈబర్డ్‌కు లొకేషన్ "ఎల్లవేళలా" అనుమతించి, బ్యాటరీ ఆప్టిమైజేషన్ ఆపేయండి. కొన్ని కంపెనీల ఫోన్లలో "ఆటో స్టార్ట్" కూడా వేరుగా ఆన్ చేయాలి.

ఎక్కువ చూపిస్తే ఆపడం మర్చిపోయారన్నమాట. గండిపేటలో మొదలైన జాబితా కూకట్‌పల్లిలో ఇంటి గేటు దాకా నడుస్తూనే ఉంటుంది. పంపే ముందు దూరం, సమయం రెండూ చేత్తో సరిదిద్దండి. పంపేశాక కూడా వెబ్‌సైట్‌లో మార్చుకోవచ్చు.

సంఖ్య లెక్కపెట్టలేనప్పుడు "ఎక్స్" పెట్టేయొచ్చా?

యాప్ ఒప్పుకుంటుంది. కానీ "ఎక్స్" అంటే ఒకటీ కావొచ్చు, వెయ్యీ కావొచ్చు. ఉజ్జాయింపు అంకె నయం.

గుంపు ఉంటే ముందు పది పక్షులను కచ్చితంగా లెక్కించండి. ఆ పది ఎంత మేర ఆక్రమించాయో కళ్లతో పట్టుకుని, మొత్తం గుంపులో అలాంటి ముక్కలు ఎన్ని పడతాయో చూడండి. చలికాలపు సాయంత్రం గుంపులుగా వచ్చే రోజీ స్టార్లింగులకు పదులు చాలవు, వందల ముక్కలు వేసుకోవాలి. గుంపు కదలకముందే ఒక ఫొటో తీసుకుంటే ఇంటికొచ్చి పెద్దది చేసి లెక్కపెట్టుకోవచ్చు. సాధారణంగా మొదటి చూపు అంచనా అసలు సంఖ్య కంటే తక్కువే ఉంటుంది.

తిరిగి వచ్చేటప్పుడు అవే పక్షులు మళ్లీ కనిపిస్తే కలపొద్దు. వెళ్లేటప్పుడు తీతువులు నాలుగు, వచ్చేటప్పుడు ఆరు కనిపిస్తే రాయాల్సింది ఆరు. పది కాదు.

మొజంజాహీ మార్కెట్ దగ్గరి పావురాల గుంపును రాసేటప్పుడు "ఫెరల్ పిజన్" (ఊరి పావురం) ఎంచుకోండి. "వైల్డ్ టైప్" (అడవి రకం) అన్నది నగరపు పావురాలకు వర్తించదు.

వినిపించి, కనిపించకపోతే?

గొంతు కచ్చితంగా తెలిస్తే చూసినదానితో సమానం. అర్ధరాత్రి మేడ మీదుగా తీతువు అరుచుకుంటూ పోయినా రాయొచ్చు.

మెర్లిన్ చెప్పిన పేరు నేరుగా రాసేయొచ్చా?

వద్దు. మెర్లిన్ ఇచ్చేది సూచన. పేరు చూపించగానే ఆ చెట్టు వైపు చూడండి, పక్షి కనబడితే రాయండి. లేదా గొంతును యాప్‌లోని నమూనాతో పోల్చి, మీ చెవికి నమ్మకం కుదిరితే రాయండి.

నగరంలో ఇది తప్పటడుగు వేసే సందర్భాలు తెలిసుంటే మంచిది. ఏట్రింత (డ్రోంగో) డేగ గొంతును అచ్చంగా అనుకరిస్తుంది. జెర్డన్స్ లీఫ్‌బర్డ్ అయితే ఒకదాని తర్వాత ఒకటిగా నాలుగైదు పక్షుల గొంతులు వినిపిస్తుంది, మెర్లిన్ ఆ నాలుగైదింటినీ వరుసగా చూపించేస్తుంది. ట్రాఫిక్ హోరు, పక్కవారి ఫోన్ రింగ్‌టోన్ కూడా దాన్ని బోల్తా కొట్టిస్తాయి. ఒక్కసారి మాత్రమే మెరిసి మాయమైన పేరును నమ్మొద్దు. రికార్డింగును దాచుకోండి, తర్వాత జాబితాకు జతచేయొచ్చు.

మన దగ్గర ఎక్కువ తికమకపెట్టే పక్షులు ఏవి?

తెల్ల కొంగలు ముందుంటాయి. ముక్కు నల్లగా, కాళ్లు నల్లగా, పాదాలు మాత్రం పసుపుగా ఉంటే లిటిల్ ఈగ్రెట్. బురదలో నిలబడితే పాదాలు కనిపించవు, ఎగిరేదాకా ఆగాలి. ముక్కు పొట్టిగా, పసుపుగా ఉండి గేదెల వెంట తిరుగుతుంటే పశువుల కొంగ. బాగా పెద్దగా ఉండి, నోటి చీలిక గీత కంటిని దాటి వెనక్కి పోతే గ్రేట్ ఈగ్రెట్. ఆ గీత కంటి కిందే ఆగిపోతే మీడియం ఈగ్రెట్. దూరంగా ఉండి ఏదీ తేలకపోతే "తెల్ల ఈగ్రెట్, జాతి తెలియదు" అన్న అర్థమిచ్చే ఎంపిక ఈబర్డ్‌లో ఉంది. దాన్ని వాడటం చిన్నతనం కాదు.

పశువుల కొంగను 2023లో రెండు జాతులుగా విడదీశారు. మనది ఈస్టర్న్ క్యాటిల్ ఈగ్రెట్. పాత జాబితాలను మీరు మార్చనక్కర్లేదు, ఏటా పేర్ల సవరణలో ఈబర్డే మారుస్తుంది.

తర్వాత తేనెపిట్టలు (సన్‌బర్డ్‌లు). మందార చెట్టు మీద ఆడపిట్టను చూస్తున్నారనుకోండి. గొంతు బూడిద కలిసిన తెలుపు, దాని కింద రొమ్ము పసుపు ఉంటే పర్పుల్ రంప్డ్. గొంతు నుంచి పొట్ట దాకా దాదాపు ఒకే లేత పసుపు అయితే పర్పుల్. ఆ పసుపు మీద గొంతు నడుమ నుంచి కిందికి నల్లటి చార దిగి ఉంటే అది ఆడది కాదు, జతకట్టే కాలం దాటి రంగు విడిచిన మగ పర్పుల్.

నీటికాకుల్లో (కార్మొరెంట్‌లలో) ముక్కు చూడాలి. పొట్టి ముక్కు, గుండ్రని తల అయితే లిటిల్. సన్నగా పొడుగ్గా, చివర కొక్కెం ఉన్న ముక్కు, నీలి ఆకుపచ్చ కన్ను అయితే ఇండియన్.

శీతాకాలంలో ఆకుల్లో దాగి తిరిగే చిన్న వార్బ్లర్లను మొదటి ఏడాది వదిలేయండి. "వార్బ్లర్, జాతి తెలియదు" అని రాస్తే సరిపోతుంది.

తెలుగు పేర్లతో రాసుకోవచ్చా?

నోట్‌బుక్‌లో నిక్షేపంగా. యాప్‌లో ఎక్కించేటప్పుడు మాత్రం "కొంగ" ఏ కొంగో, "గువ్వ" ఏ గువ్వో తేల్చుకోవాలి. కాబట్టి నోట్‌బుక్‌లోనే పేరు పక్కన ముక్కు రంగు, కాళ్ల రంగు, పరిమాణం రాసుకోండి.

నా నమోదును "అసాధారణం" అంటోంది. మెయిల్ కూడా వచ్చింది. నమ్మట్లేదా?

ప్రతి ప్రాంతానికీ, నెలకూ ఏ పక్షి ఎన్ని కనిపించడం మామూలో ఈబర్డ్‌లో ఒక జల్లెడ ఉంటుంది. దాన్ని దాటితే యాప్ వివరాలు అడుగుతుంది, తర్వాత స్థానికంగా పక్షులు బాగా తెలిసిన స్వచ్ఛంద సమీక్షకులు చూస్తారు. మెయిల్‌కు జవాబివ్వకపోతే నమోదు మీ జాబితాలోనే ఉంటుంది, అందరి లెక్కలోకి మాత్రం రాదు.

చాలాసార్లు కారణం వేలు జారడమే. "కింగ్‌ఫిషర్" అని కొట్టి, వచ్చిన వరుసలో మన దేశంలో లేని లకుముకి పిట్టను నొక్కేస్తారు. లేదా 12 రాయబోయి 122 పడుతుంది.

నిజంగానే అరుదైనది చూస్తే వివరణ ఇలా ఉండాలి: "గోరువంక కంటే కాస్త పెద్దది, ముక్కు చివర వంగి ఉంది, ఎగిరినప్పుడు రెక్క మీద తెల్ల పట్టీ, 20 మీటర్ల దూరం, వెలుగు వెనుక నుంచి". "స్పష్టంగా చూశాను", "నాకు బాగా తెలుసు" అన్నవి వివరణలు కావు. మసక ఫొటో కూడా పెట్టండి. కెమెరా తెర ఫొటో అయినా ఫరవాలేదు.

ఎనిమిది మందిమి కలిసి వెళ్లాం. ఎనిమిది జాబితాలా?

ఒకటే. ఒకరు రాసి, పంపాక "షేర్" చేస్తే మిగతావారు ఒప్పుకుంటారు. తాము చూడనివి తమ ప్రతిలోంచి తీసేయొచ్చు. ఎవరికి వారు రాస్తే అదే చెరువులోని 40 బాతులు 320 అయి కూర్చుంటాయి. రాసేవారిని బయలుదేరే ముందే నిర్ణయించుకోండి, పేర్లు గట్టిగా చెప్పేవారు ఇద్దరు ఉంటే మంచిది.

ఏ కాలం, ఏ వేళ మంచిది?

సూర్యోదయం నుంచి రెండు మూడు గంటలు. హైదరాబాద్‌లో జూన్ మొదట్లో 5:40కే తెల్లవారుతుంది, జనవరి చివర 6:50 దాకా ఆగాలి. వలస బాతులు, వార్బ్లర్లు, వాగ్‌టెయిల్‌లు సెప్టెంబరు, అక్టోబరు నుంచి వచ్చి మార్చి, ఏప్రిల్ దాకా ఉంటాయి. అందరూ అప్పుడే కెమెరాలు తీస్తారు.

నిజానికి కొరత ఉన్నది ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా. గిజిగాడు గూడు అల్లేదీ, వానలతో పాటు చాతక పక్షి దిగేదీ అప్పుడే. కోకిల చలికాలంలో పెద్దగా కూయదు. జనవరి జాబితాల్లో లేదంటే వెళ్లిపోయిందని కాదు, నోరు మూసుకుని అక్కడే ఉంది. ఏడాది పొడవునా ఒకే చోట రాసిన జాబితాలు ఉంటేనే ఇలాంటివి తెలుస్తాయి.

ఎక్కడికి వెళ్లాలి?

ముందు మీ కాలనీ. బాల్కనీలో రోజూ పదిహేను నిమిషాలు ఒకే వేళకు నిలబడి రాస్తే, అలాంటి లెక్క నగరంలో ఇంకెవరి దగ్గరా ఉండదు. "ఈరోజు కాకి, పావురం, గద్ద తప్ప ఏమీ లేవు" అన్న జాబితా కూడా పంపండి.

తర్వాత చెరువులు: అమీన్‌పూర్ (2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు), ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, శామీర్‌పేట, ఫాక్స్‌సాగర్. చెట్ల పక్షులకు కేబీఆర్ పార్కు, వనస్థలిపురం దగ్గరి మహావీర్ హరిణ వనస్థలి. కాస్త దూరమైనా సరే అంటే అనంతగిరి, నర్సాపూర్, సంగారెడ్డి దగ్గరి మంజీర. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఉస్మానియా ప్రాంగణాల్లో బయటివారు ముందుగా అనుమతి అడగాలి.

రక్షణ శాఖ స్థలాలు, కంటోన్మెంట్ గోడలు, బేగంపేట, హకీంపేట విమానాశ్రయాల పరిసరాల్లో బైనాక్యులర్లు ఎత్తొద్దు. పక్షుల కోసమే అని చెప్పినా విచారణ తప్పదు. చెరువు ఎండిన అంచున పైకి గట్టిగా కనిపించే పొర కింద మోకాలి లోతు బురద ఉంటుంది, దిగకండి. ఒంటరిగా వెళ్తే వీధికుక్కల సంగతి కూడా చూసుకోవాలి.

బైనాక్యులర్లు కొనాలా?

మొదటి రెండు నెలలు అక్కర్లేదు. కొంటే 8×40 లేదా 8×42. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. "20 రెట్లు" అని ఊరించేవి చేతిలో వణుకుతాయి, పక్షి దొరకదు. కొన్నాక కుడి కన్ను మూసి మధ్య చక్రంతో ఎడమ కంటికి సరిచేయండి, తర్వాత ఎడమ కన్ను మూసి కుడి కంటి దగ్గరి చిన్న చక్రం తిప్పండి. ఇది చేయకుండా తలనొప్పి అని పక్కన పెట్టేసేవారు ఎందరో.

దసరాకు పంజరంలో చూపించే పాలపిట్టను రాయొచ్చా?

రాయకూడదు. బందీగా ఉన్న ఏ పక్షీ లెక్కలోకి రాదు. పూజయ్యాక వదిలేసినదాన్ని కూడా ఆ చోటి పాలపిట్టగా రాయొద్దు, రెక్కలు దెబ్బతిన్న ఆ పిట్ట ఎక్కడిదో తెలియదు. రాష్ట్ర పక్షి అయినా కాకున్నా, దాన్ని పట్టడం, బంధించడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. దర్శనం కావాలంటే పొలాల గట్ల వెంట కరెంటు తీగల మీద చూడండి. శీతాకాలం మొదలయ్యే ఆ రోజుల్లో నగరం అంచుల్లో తీగల మీద కూర్చుని కనిపిస్తుంటుంది. పంజరం నుంచి తప్పించుకున్న విదేశీ చిలుక కనిపిస్తే మాత్రం రాసి, "పెంపుడుదై ఉండొచ్చు" అని వ్యాఖ్య జోడించండి.

గూడు కనిపిస్తే?

దూరం నుంచి చూసి ఈబర్డ్‌లో సంతానోత్పత్తి కోడ్ పెట్టండి: గూటికి పుల్లలు మోస్తోందా, పిల్లలకు తిండి తెస్తోందా అన్నవి అందులో ఉంటాయి. దగ్గరికి పోకండి, ఆకులు తప్పించకండి. మనం వెళ్లాక కాకి ఆ సందులోంచే దూరుతుంది. గుడ్లగూబ కూర్చునే చెట్టు గుర్తులు గ్రూపుల్లో చెప్పొద్దు. ఫోన్‌లో గొంతు వినిపించి పక్షిని రప్పించడం జతకట్టే కాలంలో అసలే వద్దు.

మాంజా చుట్టుకున్న పక్షి దొరికితే?

చైనా మాంజాపై నిషేధం ఉన్నా సంక్రాంతి తర్వాత వారాల పాటు చెట్లలో వేలాడుతూనే ఉంటుంది. దారాన్ని లాగకండి, రెక్క తెగుతుంది. పక్షికి ఇరువైపులా దారం కత్తిరించి, గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో గుడ్డ పరిచి చీకటిగా ఉంచండి, నీళ్లు తాగించొద్దు, అటవీ శాఖకో జంతు రక్షణ సంస్థకో అప్పగించండి. చనిపోయినది దొరికితే ఫొటోతో ఐనాచురలిస్ట్‌లో పెట్టండి.

అట్లాస్ అంటున్నారు, అది వేరా?

మామూలు నమోదులో నచ్చిన చోటికి వెళ్తాం. అందుకే అమీన్‌పూర్‌కు కుప్పలుగా జాబితాలుంటాయి, పక్కనే ఉన్న పారిశ్రామికవాడకు ఒక్కటీ ఉండదు. అట్లాస్‌లో పటాన్ని గళ్లుగా కోసి, కేటాయించిన గడికే వెళ్తారు, అది బస్ డిపో అయినా సరే. కేరళ 2015 నుంచి 2020 దాకా ఇలా రాష్ట్రమంతా చేసింది. హైదరాబాద్ బర్డ్ అట్లాస్ 2025లో మొదలైంది. పూర్తి జాబితా రాయడం వచ్చినవారెవరైనా చేరొచ్చు.

బడి పిల్లలతో మొదలుపెట్టాలంటే?

ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ సరైన సందర్భం. కనీసం పదిహేను నిమిషాలు, బడి ఆవరణలోనే. ఐదుగురికి ఒక జట్టు, జట్టుకు ఒక మూల, ఒక టీచర్ ఫోన్. ముప్పై మంది ఒకే గుంపుగా నడిస్తే పక్షులేవీ మిగలవు.

పాత నోట్‌బుక్‌లో ఇరవై ఏళ్ల కిందటి లెక్కలున్నాయి. పనికొస్తాయా?

చాలా పనికొస్తాయి. ఐటీ భవనాలు రాకముందు గచ్చిబౌలి, మాదాపూర్ రాళ్ల మధ్య ఏమున్నాయో చెప్పే లెక్కలు తక్కువ. వెబ్‌సైట్‌లో తేదీ, చోటు ఇచ్చి, సమయం, దూరం తెలియకపోతే "హిస్టారికల్" రకం ఎంచుకోండి. తెలిసిన రోజుల వాటిని పూర్తి వివరాలతో ఎక్కించండి. నోట్‌బుక్‌లో లేనిదాన్ని ఇప్పుడు జ్ఞాపకం మీద కలపకండి. ఎక్కించాక ఆ పేజీని ఫొటో తీసి దాచండి, సమీక్షకులు అడిగితే చూపించడానికి అదే ఆధారం.